సంఘాన్ని పక్కన పెట్టి సమ్మెకు దిగితే
(మండల మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘానికి చెప్పకుండా సమ్మె చేసినవాళ్లను ఏమనాలి? క్రమశిక్షణ లేదు, వెనక ఎవరో ఉన్నారు అనడం తేలిక. 2015 సెప్టెంబరులో కేరళలోని మున్నార్ టీ తోటల ఆడకూలీలనూ అలాగే అన్నారు.

అక్కడ ఆకు కోసేది ఎక్కువగా ఆడవాళ్లే. తరాల కిందట తమిళనాడు నుంచి వచ్చిన దళిత కుటుంబాల వాళ్లే చాలామంది. రోజు కూలి 232 రూపాయలు. ఆ ఏడాది బోనస్ బాగా తగ్గించి 10 శాతమే ఇస్తామంది కంపెనీ. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ మూడూ ఉన్నాయక్కడ. చందాలు కట్టింది ఈ ఆడవాళ్లే. మా నాయకులు కంపెనీ ఇచ్చిన మంచి ఇళ్లలో ఉంటున్నారు, మా మాట కంపెనీకి గట్టిగా ఏం చెప్తారు అన్నది వాళ్ల కోపం.

వేలమంది వచ్చి రోడ్డు మీద కూర్చున్నారు. నాయకులను దగ్గరికి రానివ్వలేదు. పెంబిళై ఒరుమై అని పేరు పెట్టుకున్నారు, ఆడవాళ్ల ఐక్యత అని అర్థం. తొమ్మిది రోజుల్లో 20 శాతం సాధించారు. బోనస్ 8.33, మిగతా 11.67 ఎక్స్‌గ్రేషియా. సంఘాలున్నా రానిది సంఘాలు లేకుండా వచ్చింది!

ఆ తర్వాతి సంగతి కూడా వినాలి. వాళ్లడిగిన కూలి 500. అది తేల్చే ప్లాంటేషన్ లేబర్ కమిటీలో కుర్చీలు పాత సంఘాలవి. అక్టోబరులో 301 చేశారు, దాంతోపాటు రోజుకు కోయాల్సిన ఆకు 21 కిలోల నుంచి 25 కిలోలకు పెంచారు. ఆ నాలుగు కిలోల బరువు ఎవరి వీపు మీద పడిందో చెప్పక్కర్లేదు. రోడ్డు మీద గెలిచినవాళ్లకు బల్ల దగ్గర కూడా చోటుండాలి.

ఇక మన ఊళ్ల సంగతికొద్దాం. కౌలురైతు మన సంఘానికి చందా కడతాడు, ధర్నాకు వస్తాడు. భూయజమాని సంతకం పెట్టకపోతే అతనికి కౌలు కార్డు రాదు. ఆ సంతకం పెట్టని యజమానే మన గ్రామ కమిటీ అధ్యక్షుడైతే అతను ఎవరికి మొరపెట్టుకోవాలి? రేపు కౌలురైతులు మనల్ని అడక్కుండా తహశీల్దారు ఆఫీసు ముందు కూర్చుంటే, మనం వాళ్లకు షోకాజ్ నోటీసు ఇస్తామా?

అందుకే తీర్మానం పెడుతున్నాను. ఖరీఫ్ మొదలయ్యేలోపు ప్రతి గ్రామ కమిటీలో సగం స్థానాలు కౌలురైతులకు ఇవ్వాలి, అందులో ఆడవాళ్లూ ఉండాలి. అధికారులతో మాట్లాడటానికి వెళ్లేటప్పుడు వాళ్లలో ఇద్దరైనా లోపలికి రావాలి. అభ్యంతరం ఉన్నవాళ్లు ఇక్కడే, వాళ్ల ముందే లేచి చెప్పండి.