ఇల్లు, కొట్టు, తాళంచెవి

(ఇటీవల ఒక విశ్వవిద్యాలయ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నా పరిశోధన అద్దె ఇళ్ల మీద. ఈ అంశం ఎందుకు తీసుకున్నావని మా డిపార్ట్‌మెంట్‌లో చాలామంది అడిగారు. భూమి గురించో, రిజర్వేషన్ల గురించో చేయొచ్చు కదా అన్నారు. దానికి జవాబు మా ఇంట్లోనే ఉంది. అక్కడి నుంచే మొదలుపెడతాను.

2009లో నేను ఏడో తరగతి. ఒంగోలులో ఒక ఇంటి వెనక పోర్షన్‌లో అద్దెకు ఉండేవాళ్లం. రోడ్డు వైపు షట్టర్ ఉన్న చిన్న గది కూడా అదే ఓనరుది. దాన్నీ అద్దెకు తీసుకుని అమ్మ పొద్దున్నే ఇడ్లీలు, దోసెలు వేసేది. నాన్న హమాలీ. ఐదు నెలలు బాగానే నడిచింది. ఏప్రిల్‌లో మా పెదనాన్న ఊరి నుంచి అంబేద్కర్ జయంతి కరపత్రాలు పట్టుకొచ్చి కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఆ వారంలోనే ఓనరుగారు అమ్మను పిలిచారు. "నాకేం పట్టింపు లేదమ్మా. తినే వస్తువు కదా, చుట్టుపక్కల వాళ్లు ఏమన్నా అనుకుంటారు. నెలాఖరుకి చూసుకోండి" అన్నారు.

నెలాఖరుకి కొట్టు పోయింది. కొట్టుతోపాటు ఇల్లూ పోయింది, ఎందుకంటే రెండు తాళాలూ ఒకే గుత్తిలో ఉన్నాయి. జూన్‌లో నేను వేరే బడికి వెళ్లాను. అమ్మ మళ్లీ షట్టర్ అద్దెకు తీసుకోలేదు. తోపుడు బండి కొన్నది.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ తాళంచెవుల గుత్తి గురించే. మన నగరాల్లో ఇల్లు, బతుకుతెరువు రెండూ ప్రైవేటు ఓనరు చేతిలో ఉన్నంతకాలం, ఆ ఓనరు కుల వ్యవస్థకు జీతం లేని కాపలాదారుగా పనిచేస్తాడు. కాబట్టి కుటుంబాలకు ప్రభుత్వమే కట్టి, ప్రభుత్వమే అద్దెకిచ్చే ఇళ్లు, వాటి కింద చిన్న కొట్లు కావాలని అడగడం సంక్షేమ పథకం కోరడం కాదు. అది కుల నిర్మూలన ఎజెండాలో భాగం.

బాబాసాహెబ్ బరోడా అనుభవం మీకందరికీ తెలుసు. 1917లో విదేశాల్లో చదివి తిరిగొచ్చి సంస్థానంలో ఉద్యోగానికి వెళ్తే ఆ నగరంలో ఆయనకు ఇల్లు దొరకలేదు. పార్సీ సత్రంలో పార్సీ పేరుతో రిజిస్టర్‌లో సంతకం చేసి ఉండాల్సి వచ్చింది. 11వ రోజు కర్రలు పట్టుకున్న మనుషులు వచ్చి ఖాళీ చేయించారు. ఆ రోజు సాయంత్రం వరకూ ఆయన కామాఠీ బాగ్‌లో కూర్చుని రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఇదంతా ఉంది. నన్ను ఎక్కువగా వెంటాడేది ఆ రిజిస్టర్. ఇవాళ హైదరాబాద్‌లో, ఢిల్లీలో టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేసి, ఇంటిపేరు మింగేసి మాట్లాడే ప్రతి విద్యార్థీ ఆ రిజిస్టర్‌లోనే సంతకం పెడుతున్నాడు.

ఇది అనుభవాల కథ మాత్రమే కాదు. సుఖదేవ్ థోరట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఒకే ఇంటికి అగ్రకుల, దళిత, ముస్లిం పేర్లతో విడివిడిగా అడిగి చూశారు. దళితుల్లో 18 శాతం మందికి, ముస్లింలలో 31 శాతం మందికి నేరుగా లేదన్నారు. ఇంకొంతమందికి షరతులు పెట్టారు. చదువు, ఆదాయం ఇక్కడ అక్కరకు రాలేదు. అడ్డుపడింది పేరు.

చట్టం ఏం చెప్తుంది? రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లలో ప్రవేశానికి కులం అడ్డు కాకూడదంటుంది. 'దుకాణం' అనే మాటను విశాలమైన అర్థంలో తీసుకోవాలని అంబేద్కర్ 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో వివరించారు. అయినా ఆ అధికరణం ప్రధానంగా చూసింది కొట్టులోకి వెళ్లే మనిషిని. కొట్టు పెట్టుకోవడానికి గది అడిగిన మా అమ్మలాంటి మనిషిని కాదు. 2005లో సుప్రీంకోర్టు జొరాస్ట్రియన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వాన్ని ఒకే సమూహానికి పరిమితం చేసే బైలా చెల్లుతుందన్నది. 2021 మోడల్ టెనెన్సీ యాక్ట్ ఇంటికి రెండు నెలలు, వాణిజ్య స్థలానికి ఆరు నెలలు దాటి డిపాజిట్ తీసుకోవద్దంటుంది. మంచిదే. కానీ కులం, మతం చూసి ఇల్లు నిరాకరించకూడదనే నిబంధన అందులో లేదు. డిపాజిట్ గురించి మాట్లాడే అవకాశం గేటు దాటినవాళ్లకే ఉంటుంది. మన గొడవ గేటు దగ్గరే.

మరి గేటు లేని ఇల్లు ఎక్కడైనా ఉందా? దీనికీ బాబాసాహెబ్ జీవితంలోనే జవాబు ఉంది. బరోడా తరిమేసిన మనిషి 1912 నుంచి 1934 వరకు కుటుంబంతో ఉన్నది పరేల్‌లోని ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ చాల్‌లో, రెండు చిన్న గదుల్లో. అక్కడ ఓనరు ఒక ప్రభుత్వ సంస్థ. 'మూక్‌నాయక్', బహిష్కృత హితకారిణి సభ, మహాడ్ పోరాటం, అన్నీ ఆయన ఆ చాల్ అద్దెదారుగా ఉన్న కాలంలోనివే. ఆ ట్రస్ట్‌ను పొగడటం నా ఉద్దేశం కాదు. 1896 ప్లేగు తర్వాత వలస ప్రభుత్వం దాన్ని పెట్టింది, అది ఎన్నో పేదల ఇళ్లను కూల్చింది కూడా. అయినా రెండు గదుల నిలకడైన అద్దె ఇల్లు ఒక కుటుంబానికి ఏం ఇవ్వగలదో ఆ చాల్ చూపించింది.

1947లో రాసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఆయన ఈ ఆలోచనను సాగు భూమి విషయంలో సిద్ధాంతంగా పెట్టారు. భూమి రాజ్యం చేతిలో ఉండాలి, కుల మత భేదం లేకుండా గ్రామస్థులకు కౌలుకివ్వాలి, భూస్వామి అనేవాడే ఉండకూడదు అన్నారు. మనం ఆ పుస్తకాన్ని వ్యవసాయం దగ్గరే ఆపేశాం. దాన్ని నగరానికి తీసుకురావాలన్నది నా ప్రతిపాదన.

ఇప్పుడున్న పథకాలు చూద్దాం. 2011 జనగణన నాటికి దేశంలోని పట్టణాల్లో కోటీ 10 లక్షల ఇళ్లు ఖాళీగా ఉన్నాయి. అదే కాలంలో కేంద్రం నియమించిన సాంకేతిక బృందం పట్టణాల్లో ఇళ్ల కొరత కోటీ 88 లక్షలని లెక్కగట్టింది. ఆ కొరతలో 95 శాతానికి పైగా పేద, అల్పాదాయ కుటుంబాలదే. లాక్‌డౌన్‌లో వలస కార్మికులు నడిచి వెళ్లాక, 2020 జూలైలో అఫర్డబుల్ రెంటల్ హౌసింగ్ కాంప్లెక్సుల పథకం వచ్చింది. చండీగఢ్ లాంటి కొన్నిచోట్ల ఖాళీ ప్రభుత్వ ఇళ్లను అద్దెకిచ్చారు. కానీ ఈ పథకం ఊహలో వలస కూలీ అంటే ప్రధానంగా ఒంటరి మనిషి. డార్మిటరీ మంచం కూడా అందులో 'ఇల్లే'. పిల్లల బడి, ముసలి తల్లి, అమ్మ చేసే చిన్న వ్యాపారం ఆ ఊహలో లేవు.

ఇంకోవైపు సొంత ఇళ్ల పథకాలు. తెలంగాణలో కొల్లూరు దగ్గర ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు కట్టారు. ఇల్లు మంచిదే. కానీ బస్తీలో నాలుగిళ్లలో పని చేసుకునే మనిషికి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఇల్లిస్తే, రోజూ బస్సు చార్జీల రూపంలో ఆమె మళ్లీ అద్దె కడుతుంది.

అందుకే ఇల్లు ఎంత ముఖ్యమో కింద కొట్టూ అంతే ముఖ్యం. ఒక లెక్క చెప్తాను. ఇది ఉదాహరణకు వేసిన లెక్క మాత్రమే. 100 కుటుంబాల భవనం అనుకోండి. నీళ్లు, లిఫ్టు, మరమ్మతులకు ఇంటికి నెలకు 1,500 చొప్పున లక్షన్నర ఖర్చు. కింద 12 కొట్లు. మెడికల్ షాపు, కిరాణా వంటి నాలుగు పెద్దవాటికి మార్కెట్ అద్దె, 12 వేల చొప్పున. మిగతా ఎనిమిది చిన్నవి అక్కడి కుటుంబాలకే, 2 వేల చొప్పున. మొత్తం 64 వేలు. ఇంటి మీద పడే నిర్వహణ భారం 1,500 నుంచి 860కి దిగుతుంది. పెద్ద కొట్టు అద్దె పై అంతస్తు కుటుంబాన్ని ఆదుకుంటుంది, చిన్న కొట్టు ఆ కుటుంబానికి పని ఇస్తుంది.

ఆ ఎనిమిదింటినీ వేలంలో పెట్టారనుకోండి, మొత్తం కథ తిరగబడుతుంది. ఎక్కువ పాట పాడగలిగినవాళ్లే తీసుకుంటారు. మన ఆడవాళ్లు మళ్లీ గోడ బయట బండి దగ్గర నిలబడతారు.

ఇదంతా అయ్యే పనేనా అంటే, వియన్నా నగరం వందేళ్ల కిందటే చేసింది. 1923లో సంపన్నుల మీద ఎక్కువ భారం పడేలా గృహ నిర్మాణ పన్ను వేసి, దాదాపు పదేళ్లలో 60 వేలకు పైగా అద్దె ఇళ్లు కట్టింది. 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్‌లో 1,382 ఇళ్లతోపాటు కొట్లు, లాండ్రీలు, కిండర్‌గార్టెన్లు, లైబ్రరీ ఉన్నాయి. అది ఇప్పటికీ నగరానిదే, ఇప్పటికీ అద్దె ఇళ్లే.

ఇక్కడ మీలో కొందరికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది: మనకు సొంత ఆస్తి వద్దా? కావాలి. ఇళ్ల పట్టాల పోరాటాన్ని నేను వదలమనడం లేదు. కానీ ఊరు వదిలి నగరానికి వచ్చిన మొదటి తరానికి వచ్చీ రాగానే కావలసింది పదేళ్లు కదలకుండా ఉండే చోటు. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయాలి కాబట్టి ఓనర్లు 11 నెలల అగ్రిమెంటు రాస్తారు. మన పిల్లల చదువు ఆ 11 నెలల చొప్పున ముక్కలవుతోంది.

రెండోది: ప్రభుత్వానికి మాత్రం కులం లేదా? ఉంది. అధికారికి ఉంది, కార్పొరేటర్‌కీ ఉంది. తేడా ఏమిటంటే ప్రైవేటు ఓనరును 'ఎందుకు ఇవ్వలేదు' అని అడిగి జవాబు రాబట్టడం మనకు చాలా కష్టం. ప్రభుత్వాన్ని అడగొచ్చు. జాబితా చూపించమనొచ్చు, కోర్టుకు వెళ్లొచ్చు, రోడ్డు మీద కూర్చోవచ్చు.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. ఇళ్లు, కొట్లు రెండింటిలోనూ రిజర్వేషన్ ఉండాలి, కేటాయింపు బహిరంగ లాటరీలో జరగాలి. అన్ని కులాల పేదలూ కలిసి ఉండేలా, పని దొరికే చోట కట్టాలి. ఊరి చివర మనకోసం ఇంకో వాడ కట్టొద్దు. లీజు కనీసం పదేళ్లు ఉండాలి. ఇంటి లీజు, కొట్టు లీజు వేర్వేరు కాగితాల మీద ఉండాలి. వ్యాపారం దెబ్బతింటే ఇల్లు పోకూడదు.

ఈ చివరి షరతు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. 2009 ఏప్రిల్ నెలాఖరున సామాన్లు ఆటోలోకి ఎక్కిస్తున్నప్పుడు దొరికింది. ఆ రోజు అమ్మ ఇడ్లీ పాత్ర ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఇల్లు పోయినందుకు కంటే, తెల్లారితే ఎక్కడ పొయ్యి వెలిగించాలా అని ఎక్కువ దిగులుపడింది. రెండింటిలో ఒక్కటి మిగిలినా మేం నిలబడేవాళ్లం.

ఆ ఒక్కటీ ఎవరి దయా అక్కర్లేకుండా మిగిలేలా చేయడమే నేను అడుగుతున్నది.

జై భీమ్.