పందెపు గుఱ్ఱములు – పాలకులు

అమెరికా దేశమున గుఱ్ఱపు పందెములకు చిరకాలము ఏకనాయకత్వము లేకుండెను. ఒక్కొక్క రాష్ట్రమునకు ఒక్కొక్క నిబంధనావళి యుండుటచే, ఒకచోట దోషమైనది పొలిమేర దాటినంతనే దోషము గాకపోవుటయు సంభవించుచుండెను. 2019వ సంవత్సరారంభమున కాలిఫోర్నియాలోని శాంటా అనీటా మైదానమున కొలది నెలలలోనే ఇరువదికి పైగా గుఱ్ఱములు మరణింపగా, జనాగ్రహము పెల్లుబికి, తుదకు 2020 డిసెంబరులో కాంగ్రెసు చట్టముచే దేశమునకంతటికి ఒక ప్రాధికార సంస్థ ఏర్పడెను.

భద్రతా నియమములు 2022 జూలై నుండియు, మందుల నియంత్రణము 2023 మే నుండియు అమలునకు వచ్చినవి. జాకీ ఒక పందెమున ఆఱు మాఱులకు మించి కొరడాతో కొట్టరాదట. ఆ ఆఱు మాత్ర మేల యని గుఱ్ఱమే ప్రశ్నించినచో ఏ న్యాయవాది బదులు చెప్పగలడో!

అసలు చిక్కు వేఱొకటి. ఈ సంస్థ ప్రభుత్వశాఖ కాదు. ఫెడరల్ ట్రేడ్ కమిషను పర్యవేక్షణమున నున్న ప్రైవేటు సంస్థ. అట్టివారికి నియమనిర్మాణాధికార మొసగుట రాజ్యాంగవిరుద్ధమని 2022 నవంబరులో ఒక అప్పీలు న్యాయస్థానము తీర్పు చెప్పగా, మఱుమాసముననే కాంగ్రెసు చట్టమును సవరించి కమిషనునకు అధికబలము చేకూర్చెను. అయినను అటుపిమ్మట అప్పీలు న్యాయస్థానములు ఏకాభిప్రాయమునకు రాలేదు.