నూతన వైద్యాచార్యులకు స్వాగతము

శ్రోతలారా! విశాఖపట్టణమున 1923లోను, కాకినాడలో 1958లోను వైద్యకళాశాలలు వెలసినవి. రాజమహేంద్రవరమునకు 150 స్థానములతో ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో గాని రాలేదు. అచటికి విచ్చేయు నూతనాచార్యులకు గోదావరి తీరవాసుల పక్షమున స్వాగతము. పూలమాలలు అధికారులు వేయుదురు గాక. బడిపంతులనై యుండినవాఁడను గనుక ఒక్కమాట మనవిచేసెదను.

ఆచార్యులారా! మా రైతు ‘వేడి చేసింది’ అనును. ఒకనికది నోటిపూఁత, ఒకనికి కన్నుల మంట, వేఱొకనికి మూత్రమున మంట. మీ గ్రంథములలో ఆ పేరుగల రోగము లేదు. శిష్యుఁడు నవ్వెనా, రోగి మరల రాఁడు, రోగము ముదురును. మంచముచెంత మీరే కూర్చుండి, ‘ఎక్కడ? ఎన్నాళ్లనుండి?’ అని యడిగి చూపుఁడు.

గ్రామపెద్దలారా! మీరును వైద్యునియొద్ద దాఁపఁబోకుఁడు. పసరు త్రాగియుంటిరేని అదియుఁ జెప్పుఁడు.