కన్ను బాగున్నా చూపు పోయినప్పుడు

(శామీర్‌పేట సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



దమస్కు మార్గములో సౌలు చూపు కోల్పోగా తోటివారు చెయ్యి పట్టుకొని ఊరిలోనికి నడిపించిన సంగతి మనమెరుగుదుము. మన రాజీవ్ రహదారి మీద చూపు పోవుట వేరు విధముగా జరుగుచున్నది. మోటారు సైకిలు జారి కనుబొమ్మ రోడ్డుకు తగులును. నాలుగు కుట్లు పడును. కనుగ్రుడ్డుకు గాయముండదు, చూచువారికి బాగుగానే కనబడును. చూపు మాత్రము పోవును. రెప్ప వాచి మూసుకొనుటచేత రెండు మూడు దినములవరకు ఆ సంగతే తెలియదు. "వాపు తగ్గితే చూపు అదే వస్తుందిలే" అందురు ఇంటివారు. ఆ మాటతోనే నాకు పేచీ.

కంటినుండి మెదడుకు పోవు నరములో 10 లక్షలకు పైగా సన్నని పోగులున్నవి. సుమారు ఒక సెంటీమీటరు పొడవుగల ఇరుకైన ఎముక గొట్టములోనుండి అది దూరి పోవును. కనుబొమ్మ దెబ్బ ఎముక గుండా అక్కడికి చేరును. నరము వాచితే జరుగుటకు చోటు లేదు. చర్మము మానినట్లు ఈ పోగులు మరల మొలవవు.

చికిత్స విషయములో నిజము చెప్పవలెను గదా. చాలకాలము పెద్ద మోతాదులో స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇచ్చిరి, కొందరికి ఆపరేషనుతో గొట్టమును వదులు చేసిరి. 1999లో వెలువడిన అంతర్జాతీయ పరిశీలనలో 133 మంది రోగులను పోల్చి చూడగా, ఊరక కనిపెట్టియుండుటకంటె ఈ రెండును స్పష్టముగా మేలు చేసినట్లు తేలలేదు. 2004లో 'క్రాష్' అను పరిశోధనలో తల దెబ్బలు తగిలిన 10 వేల మందిని చూడగా, స్టెరాయిడ్ పొందినవారిలోనే మరణములు ఎక్కువాయెను. కాబట్టి డాక్టరు "ఇంజక్షను వద్దు" అంటే అది నిర్లక్ష్యము కాదు. కొందరికి మందు లేకనే కొంత చూపు వచ్చును. మొదటినుండి వెలుతురు సైతము తెలియనివారికి ఆ ఆశ తక్కువ.

మరి ఆసుపత్రికి పరుగెందుకు? కంటి వెనుక రక్తము చేరి కన్ను ఉబికి రాయివలె గట్టిపడితే, రెప్ప మూలన చిన్న కోతతో ఒత్తిడి తీయవచ్చును. దానికి గడువు కొద్ది గంటలే. ఎముక ముక్క నరమును నొక్కుచున్నదా, తలలో రక్తము కారుచున్నదా అనునది స్కానింగులోనే తెలియును. స్పృహ తప్పినా, వాంతులైనా అల్వాల్ మీదుగా నేరుగా సికిందరాబాదు గాంధీ ఆసుపత్రికి పొండి. ప్రాణము ముందు, కన్ను తరువాత. కంటికే ప్రత్యేకముగా మెహిదీపట్నములో సరోజినీదేవి ఆసుపత్రి యున్నది.

రెప్ప తెరచుకొంటే ఒక్కొక్క కన్ను మూసి వ్రేళ్లు లెక్కపెట్టించండి. ఎర్రగుడ్డ చూపి, రెండు కళ్లకూ ఒకే ఎరుపేనా అని అడగండి. తెరచుకోకపోతే బలవంతము చేయవద్దు. మంచి కన్ను చేతితో గట్టిగా మూసి, వాచిన రెప్పపై టార్చి వేసి వెలుతురు తెలియుచున్నదా అనండి. ఆకు పసరు మాత్రము పోయకండి!

మన సంఘములో ఒక యువకునికి ఇట్లే ఒక కన్ను పోయెను. ఏడాది తరువాత ఎవరో ఆశ చూపగా, ఇంజక్షన్లకని తల్లి అరెకరము అమ్మెను. చూపు రాలేదు. మొదట గ్లాసులో నీళ్లు పోయబోతే బయట పడేవి, మెట్టు అంచనా తప్పేది. కొన్ని నెలలకు అలవాటాయెను. ఈ ఉదయము గుడి గంట కొట్టినది అతడే.