జీపు నెత్తు చేయునప్పుడు



జీపు గలవారి యింట నేడొక మాట తరచుగా వినబడుచున్నది. "బండిని నాలుగంగుళములు లేపింతము నాన్నా, రాళ్లదారిలో అడుగు తగులకుండ పోవును" అని కుమారుడు కోరును. సొమ్ము నిచ్చువాడు తండ్రి. ఆ బండిలో ఘాటు దిగువారు ఇంటిల్లిపాది. కావున ఆ నాలుగంగుళములు ఎక్కడనుండి వచ్చునో, వాని మూల్యమును బండిలో ఏ భాగము చెల్లించునో పెద్దలు ముందుగా తెలిసికొనుట యుక్తము. ఇది యంత్రశాస్త్రము చదివినవారికి మాత్రమే తెలియు విషయము కాదు. ఎడ్లబండి ఇరుసును, ట్రాక్టరు వెనుక రోటవేటరును ఎరిగినవారికి సులభముగనే బోధపడును.

జీపు యుద్ధములో పుట్టిన బండి. 1941 మొదలు 1945 వరకు అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపులను నిర్మించినవి. మన దేశమున మహీంద్రా వారు బొంబాయిలో విల్లీసు జీపులను కూర్ప నారంభించిరి. ఆ వంశపు బండ్లే పాడేరు, మారేడుమిల్లి ప్రాంతములలో సంతలకు మనుష్యులను, మూటలను మోసినవి. ముందు చక్రముల నడుమనుండి వెనుక చక్రముల నడుమకు ఆ యుద్ధపు జీపు పొడవు 80 అంగుళములు మాత్రమే. ఈ పొట్టితనమే ఇరుకుదారులలో దానికి బలము. ఎత్తు చేయబూనినప్పుడు ఈ పొట్టితనమే దానికి బలహీనత. అది యెట్లో చెప్పెదను.

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలయును. ఎడ్లబండి తొట్టి క్రింద నాలుగంగుళముల దిమ్మ పెట్టినచో తొట్టి లేచును గాని ఇరుసు లేవదు. ఇరుసునకు నేలకు నడుమ ఎడము చక్రపు సగమెత్తును బట్టి యుండును. జీపునందును అంతే. కమాను పట్టీలను మార్చి ఎంత లేపినను లేచునది పైచట్రము, ఇంజను, మనము కూర్చుండు పీటలు. ఇరుసు నడుమ కుండవలె ఉబ్బియుండు డిఫరెన్షియలు వెండ్రుకవాసియైన లేవదు. దారి మధ్యనున్న రాయి మొట్టమొదట తగులునది దానికే. ఇరుసును లేపునది టైరొక్కటియే. 28 అంగుళముల టైరు తీసి 32 అంగుళముల టైరు వేసినచో ఇరుసు రెండంగుళములు లేచును. కమాన్లను లేపుటవలన కలుగు లాభము రెండు విధములు: పెద్దటైరు పైరేకునకు ఒరయకుండ చోటు కలుగుట, చట్రపు నడుము మెరకకు తగులకుండుట. ఇంతకు మించి లేదు.

ఇక మూల్యము సంగతి. ఇంజను వెనుక గేరుపెట్టె యుండును. దాని వెనుక, శక్తిని ముందు వెనుక ఇరుసులకు పంచు రెండవ పెట్టె యుండును. దీనిని ట్రాన్స్‌ఫరు కేసు అందురు. ఈ రెండు పెట్టెలును చట్రమునకు బిగింపబడియున్నవి. ఇరుసు కమాన్లమీద ఆడుచుండును. ఆడని పెట్టెనుండి ఆడు ఇరుసునకు తిరుగుడును మోయునది ప్రొపెల్లరు షాఫ్టు అను గొట్టపు కడ్డీ. దాని రెండు కొనలయందును రెండేసి పంగలు ఒకదానికొకటి అడ్డముగ నిలిచి, నడుమ శిలువవంటి ముక్కతో కూడియుండును. మన మెకానిక్కులు దానిని క్రాసు అందురు. పదియేడవ శతాబ్దమున ఇంగ్లండు దేశస్థుడైన రాబర్టు హుక్కు ఈ జోడును వివరించెను గనుక శాస్త్రజ్ఞులు దానికి హుక్కు జోడని పేరిడిరి.

ఈ క్రాసునకొక స్వభావము కలదు. షాఫ్టు తిన్నగ నున్నప్పుడు తిరుగుడు సమముగ సాగును. వంగినచో ఒక్కొక్క చుట్టులో రెండుమారులు వేగము హెచ్చును, రెండుమారులు తగ్గును. ట్రాక్టరు రోటవేటరును తిరుగుచుండగనే మిక్కిలి పైకెత్తినప్పుడు షాఫ్టు గడగడ కొట్టుకొనుట మీరు వినియే యుందురు. అది ఈ స్వభావమే. వంపు 10 డిగ్రీలైనచో వేగములో హెచ్చుతగ్గులు నూటికి ఒకటిన్నర చొప్పున నుండును. 20 డిగ్రీలైనచో నూటికి ఆరు. 30 డిగ్రీలైనచో ఒకప్రక్క పదమూడు తగ్గి, ఇంకొకప్రక్క పదునైదు హెచ్చును. వంపు రెట్టింపైన ఒడుదుడుకు నాలుగింతలగునని స్థూలముగ చెప్పవచ్చును.

ఇప్పుడు జీపు పొట్టితనమును తలచుకొనుడు. వెనుక షాఫ్టు అడ్డకొలత 20 అంగుళములనియు, పెట్టెకంటె ఇరుసు ముక్కు మూడంగుళములు క్రిందుగ నున్నదనియు అనుకొందము. వంపు ఇంచుమించు 9 డిగ్రీలు. బండిని ఇంకొక మూడంగుళములు లేపినచో వంపు 17 డిగ్రీలకు దగ్గరగును. 40 అంగుళముల షాఫ్టు గల పొడుగుబండికి అంతే లేపినను 4 డిగ్రీలనుండి ఎనిమిదిన్నర డిగ్రీలకు మాత్రమే పోవును. ఒకే పని పొడుగుబండికి చెల్లి పొట్టిబండికి చెల్లకపోవుటకు కారణమిది. పొరుగువాని బండి లేచినదని మన బండిని లేపుట ఇందువలననే తగదు.

వంపొక్కటియే కాదు, భారమునుగూడ చూడవలయును. యుద్ధకాలపు విల్లీసు జీపును మొదటి గేరులో, తగ్గుడు పంపిణీలో నడపినప్పుడు ఇంజను త్రిప్పుబలము షాఫ్టునకు చేరుసరికి ఐదురెట్లకు పైగా పెరుగును. ఇరుసుపండ్లు దాటి చక్రమునకు చేరుసరికి ఇరువదియైదురెట్లగును. ఎక్కుడులో చక్రము రాతికి చిక్కి కదలనప్పుడు ఈ బలమంతయు క్రాసు నాలుగు కొనలయందున్న సూదులవంటి సన్నని రోలర్లమీద పడును. పెద్దటైరు వేసినచో ఇరుసు కడ్డీ మీద పీడనము ఇంకను హెచ్చును. పొడుగు కాడతో మర బిగించినట్లు, నేలపట్టు అంతేయైనను చక్రపు సగమెత్తు పెరిగిన కొలది కడ్డీకి మెలిక పెరుగును. 28 నుండి 32కు పోయినచో నూటికి పదునాలుగు వంతులు.

చవకగ లేపు ఉపాయము ఒకటి మన షెడ్లలో ప్రచారములో నున్నది. పాతజీపులలో కమాన్లు ఇరుసు క్రింద నుండును. వానిని విప్పి ఇరుసుపైన బిగించినచో ఐదారు అంగుళములు ఒక్కసారిగ లేచును. కొత్త కమాన్లు కొనవలసిన పనిలేదు, వెల్డింగు కూలితో సరి. పొట్టిషాఫ్టు గల బండిలో షాఫ్టును సరిచేయకుండ ఇట్లు చేయుట నా యభిప్రాయమున అవివేకము. వంపు భరింపరానిదగుటయే గాక, ఇరుసునకు కమానునకు నడుమ ఎడము పెరిగి, శక్తి నిచ్చినప్పుడు కమాను పామువలె మెలిదిరిగి ఇరుసు ముక్కు పైకెగయును. ఆ క్షణమున క్రాసు విరుగును. కమానునకు ఇరుసునకు నడుమ ఇనుపదిమ్మలు పెట్టుటలోనూ ఈ దోషమే కలదు. ముందు ఇరుసునకు దిమ్మలు ఎన్నడును పెట్టరాదు. బ్రేకు వేసినప్పుడు వానిమీద పడు మెలిక చాల పెద్దది.

విరిగిన నేమగును? ఇక్కడ పెద్దలు శ్రద్ధగ వినవలయును. విల్లీసు జీపులోను, దాని ననుసరించిన పాతబండ్లలో పెక్కింటిలోను చేతిబ్రేకు చక్రములయందు లేదు. అది పంపిణీపెట్టె వెనుక, షాఫ్టు మొదటనే యున్నది. వెనుక చక్రములతోనే బండి నడచుచుండగా షాఫ్టు తెగినచో ఇంజను పట్టు పోవును, చేతిబ్రేకు పట్టును పోవును. మిగులునది కాలిబ్రేకు ఒక్కటియే. ఘాటు దిగునప్పుడు ఇట్లు జరిగినచో నేమగునో ఊహింపుడు. అంతేగాక తెగిన కడ్డీ తిరుగుచు క్రిందిరేకును, బ్రేకు గొట్టములను కొట్టవచ్చును.

అట్లని ఎత్తు చేయనే కూడదని నేననను. క్రమమున్నది.

పాతబండియైనచో మొదట కమాన్లు కూలబడినవేమో చూడుడు. ఏండ్ల తరబడి మోసిన కమాను ఒకటి రెండంగుళములు క్రుంగుట సాధారణము. సరియైన పదునుగల కొత్తకమాన్లు వేసినచో బండి తన పుట్టుకయెత్తునకు వచ్చును, షాఫ్టు వంపు కంపెనీవారు ఉద్దేశించినంతయే యుండును. చాలమందికి కావలసినది ఇంతమాత్రమే. ఉన్న కట్టకు మరొక పట్టీ చేర్చుట వేరు. అందువలన కమాను బిరుసెక్కి, చక్రము గోతిలోనికి దిగక గాలిలో తేలును. కమాను కొనల వ్రేలాడు షాకిళ్లను పొడిగింతురు గూడ. అవి రెండంగుళములు పొడిగిన బండి లేచునది ఒక్క అంగుళమే.

పుట్టుకయెత్తుకంటె రెండంగుళములు మించనిచో చాలబండ్లు స్వల్పమైన సవరణతో ఓర్చును. షాఫ్టు రెండు కొనలయందలి వంపులు సమానముగ నున్నచో ఒక క్రాసు పుట్టించిన ఒడుదుడుకును రెండవది రద్దుచేయును. అందుకు రెండు కొనల పంగలు ఒకే వరుసలో నుండవలయును. విప్పి బిగించునప్పుడు మెకానిక్కు ఒక పన్ను తప్పించి కూర్చినచో ఎంత మంచిషాఫ్టైనను అదరును. విప్పకముందే సుద్దతో గీత గీయించుడు. ఇరుసు ముక్కు కోణము చెడినచో కమానునకు ఇరుసునకు నడుమ ఏటవాలు ఇనుపపట్టీ వేసి సరిదిద్దుదురు. అయితే ముక్కును మరీ పైకి త్రిప్పినచో దాని ముందు బేరింగునకు నూనె అందదు. ముందు ఇరుసునందు చిక్కు మరియొకటి. ముక్కును త్రిప్పినకొలది చక్రములు తమంతట తాము తిన్నగ నిలుచు గుణము తగ్గి స్టీరింగు తేలిపోవును. పంపిణీపెట్టెను క్రిందికి దింపి వంపును తగ్గించు పద్ధతియు కలదు. కాని లేపి సంపాదించిన ఎడమును అది మరల తినివేయును.

అంతకంటె ఎక్కువ లేపదలచినవారు పెట్టెవైపున జంటక్రాసు గల కొత్తషాఫ్టు చేయింపవలయును. ఒకదాని వెనుక నొకటిగ నున్న ఆ రెండు క్రాసులు వంపును పంచుకొని తమలో తామే సరిపుచ్చుకొనును. అప్పుడు ఇరుసు ముక్కు తిన్నగ షాఫ్టువైపు చూచుచుండవలయును. పెట్టెవైపు ఒక్కకొననే మార్చి ముక్కును మునుపటివలె వదలినచో ప్రయోజనము లేదు.

2020లో వచ్చిన థారు వంటి కొత్తబండ్లలో ముందు ఇరుసు ఒకే కడ్డీ కాదు. ప్రతిచక్రమును విడిగ ఆడును. అచ్చట రబ్బరుతొడుగులలో దాగిన గుండ్లజోళ్లు వంపును మోయును. వానికి కమాను ఎత్తు ఒకటి రెండంగుళములు మించిన తొడుగు చినిగి, మన్ను చేరి జోడు అరుగును.

చట్టమునుగూడ మరువరాదు. 1988నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము నమోదుపత్రములోని వివరములు కంపెనీవారి లెక్కకు భిన్నమగునట్లు బండిని మార్పరాదు. 2019లో సుప్రీముకోర్టుగూడ ఈ విషయమును నిష్కర్షగ చెప్పినది. ప్రమాదము జరిగినప్పుడు బీమావారు మొదట అడుగు ప్రశ్న ఇదియే కావచ్చును. కావున పని పెట్టకముందే రవాణా కార్యాలయమున విచారింపుడు.

పని ముగిసి బండి మీచేతికి వచ్చునప్పుడు సొమ్ము చెల్లింపకముందే ఒక పరీక్ష చేయింపుడు. చట్రమునకు జాకీలు పెట్టి, దృఢమైన ఆనిక లుంచి, నాలుగుచక్రములు గాలిలో వ్రేలాడునట్లు లేపింపుడు. షాఫ్టునకు మిక్కిలి వంపు, మిక్కిలి సాగుడు కలుగునది అప్పుడే. గేరు తీసి చేతితో షాఫ్టును మెల్లగ త్రిప్పించుడు. పంగలు ఒకదానికొకటి ఎక్కడను తగులరాదు. షాఫ్టు నడుమ ఒకదానిలోనొకటి జారు పండ్లభాగము ఎంత లోపలనున్నదో కొలువుడు. మరి రెండు వ్రేళ్ల మేర జారిన ఊడిపోవునంత కొద్దిగ నున్నచో షాఫ్టు పొట్టియని తెలియవలయును. బ్రేకు రబ్బరుగొట్టములు బిగుసుకొనియున్నవేమో అప్పుడే చూడుడు. తరువాత బండిని దింపించి, మనుష్యుల నెక్కింపక, చదునైన దారిమీద నడిపింపుడు. వేగముతోపాటు నేల అదరుచున్నచో, వదలినప్పుడు ఠక్కుమను చప్పుడు వచ్చుచున్నచో, షెడ్డునకు మరల పంపుడు. నూరు కిలోమీటర్లు నడచిన పిమ్మట కమాను బోల్టులను మరల బిగింపించి, క్రాసులకు గ్రీజు పెట్టింపుడు.