మండువా లోగిలికి మరమ్మతు



మొన్న గుడివాడ దగ్గర ఒక పల్లెలో మినుము చేను చూడబోతే, ఆసామి నన్ను గట్టు మీదనుంచి నేరుగా తన ఇంటికే తీసుకుపోయినాడు. తాతగారు కట్టించిన మండువా లోగిలి అది. "గోడ చెమ్మెక్కి పెచ్చులూడుతోందండీ. రెండేళ్ళ కిందట సిమెంటు పూత వేయించాను. చెమ్మ ఇంకా ఎక్కువైంది. పడగొట్టేయమంటారా?" అని అడిగినాడు. ఈ ప్రశ్న మీలో చాలామందికి ఉన్నదే గనుక జవాబు ఇక్కడ చెప్పుచున్నాను.

ముందు ఆ ఇల్లు ఎట్లా కట్టినారో చూడండి. నాలుగు వైపుల వసారాలు, నడుమ మండువా. గాలి, వెలుతురు అక్కడనుంచే వచ్చును. కప్పుల మీది వాన నీరు అక్కడికే దిగి తూము గుండా బయటికి పోవును. గోడ ఇటుక, సున్నం. సున్నపు గోడ పీల్చిన చెమ్మను మళ్ళీ గాలికి వదులును. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకొనును. చెమ్మ లోపలే నిలిచి పైకి ఎగబాకును. ఆ గోడకు వచ్చిన జబ్బు ఇదే.

మరి చేయవలసిన పనులు: మొదట తూము పూడిక తీయండి. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బును, ఎండితే బీటలు తీయును. పునాది పక్క నీరు నిలిస్తే గోడకు చేటు. రెండవది, సిమెంటు పూత చెక్కించి, గోడను ఒక వేసవి ఆరనిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక కలిపి పూయించండి. మూడవది, తొలకరికి ముందే పెంకులు సర్దించండి. కప్పులు కలిసే మూలలే ముందు కారును. అక్కడి వాసాలను, గోడలో దిగిన దూలాల కొనలను మేకుతో గుచ్చి చూడండి. మెత్తగా దిగితే ఆ కర్ర మార్చవలెను.

గోడ ఒరిగినా, పగులులో వేలు పట్టేటంత సందు ఉన్నా, ఇంజనీరుకు చూపకుండా ఆ గదిలో పడుకోవద్దు.

ఇక తుపాను సంగతి. దివిసీమ చుట్టిల్లు చూచినారు గదా? గుండ్రని గోడను తాకిన గాలి పక్కలకు జారిపోవును. మన లోగిలికి ఆ వాటం లేదు. గాలి చూరు కిందనుంచి దూరి పెంకును లేపును. కాబట్టి వాసాలను దూలాలకు ఇనుప పట్టీలతో బిగించండి.

అయితే ఒక మాట. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది పోయినారు. గాలికి నిలిచిన ఇల్లు ఉప్పెనకు నిలుచునని నమ్మరాదు. తీరపు ఊళ్ళవారు హెచ్చరిక వినగానే ఇల్లు వదిలి తుపాను షెల్టరుకు పోవలెను.

ఆ ఆసామి ఇంకా ఏమీ తేల్చుకోలేదు. తూము మాత్రం ఆ పూటే తీయించినాడు. మీరూ అక్కడే మొదలుపెట్టండి. సెలవు.