ఒక రోజు: గుడి, మగ్గం, వాలీబాల్
(సంఘ సర్వసభ్య సమావేశంలో విహారయాత్రను ప్రతిపాదిస్తూ చేసిన ప్రసంగ పాఠం)



ఏటా మనం విహారయాత్రకు ముందు గుడిని చూసుకుని, తర్వాత తేదీ పెట్టుకుంటాం. ఈసారి వాలీబాల్ ఆటను చూసుకుని తేదీ పెట్టుకుందామని నా మనవి. సంక్రాంతి రోజుల్లో మన కోస్తా ఊళ్లలో ఈ పోటీలు మామూలే. సామర్లకోట, పెద్దాపురం ప్రాంతంలో ఆట ఎక్కడ, ఏ రోజో ముందుగా విచారించుకుంటే చాలు.

ఉదయం సామర్లకోట. పంచారామాల్లో ఒకటైన కుమారారామం తూర్పు చాళుక్యుల కాలం నాటిది. శివలింగం ఎత్తు సుమారు 14 అడుగులు. కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారు మెట్లు ఎక్కనక్కరలేదు, కింద పాదభాగాన్ని దర్శించుకోవచ్చు. అక్కడికి దగ్గరే పెద్దాపురం. మరిడమ్మ తల్లి దర్శనం, భోజనం, కాస్త విశ్రాంతి, ఆ పైన పట్టు మగ్గాలు. పాండవుల మెట్ట ఎక్కే పని పెట్టుకోవద్దు. సాయంత్రం ఆట. కుర్చీలు, మంచినీళ్లు, మందుల సంచి మనమే తీసుకువెళదాం.

‘ఈ వయసులో మనకు ఆటలేమిటి?’ అనవచ్చు. 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణంలో విలియం మోర్గాన్ ఈ ఆటను రూపొందించిందే, బాస్కెట్‌బాల్ శ్రమ తట్టుకోలేని నడివయసు వారి కోసం!

అప్పట్లో ఆడినవారికి లెక్క మారిందని మనవి. మన రోజుల్లో సర్వీసు చేసిన జట్టుకే పాయింటు, 15కు గేమ్. 1999 నుంచి సర్వీసు ఎవరిదైనా ప్రతి ర్యాలీకీ పాయింటే. సెట్టుకు 25, అయిదో సెట్టు వస్తే 15. ఎలాగైనా రెండు పాయింట్ల తేడా ఉండాలి. వేరే రంగు చొక్కాతో కనిపించే ఆటగాడు ‘లిబరో’, కేవలం రక్షణకు. మనవలను వెంట తెస్తే మిగతాది వాళ్లే చెబుతారు.

అసలు సంగతి ఒకటుంది. మనలో చాలామంది లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వేళ తప్ప ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న అక్కచెల్లెళ్లయితే, భర్త పోయాక సంఘం గడప తొక్కడమే మానేశారు. గుడిలో ఎవరి దణ్ణం వారిది. మైదానం గట్టు మీద కూర్చుంటే పక్కవారితో మాట కలవక తప్పదు. కనుక ఆ అక్కచెల్లెళ్ల ఇళ్లకు ఉత్తరం పంపి ఊరుకోకుండా, కార్యవర్గం వారు స్వయంగా వెళ్లి పిలవాలని, బస్సులో మొదటి వరుస సీట్లు వారికే కేటాయించాలని కోరుతున్నాను.

ఈ ప్రతిపాదనను సభ ఆమోదిస్తుందని ఆశిస్తున్నాను.